షాపులో మోగింది గుడిలో మోగుతుందా?

మీ రామమందిరం భజన బృందానికి కీబోర్డు కొనాలని కమిటీ పెద్దలు అనుకున్నారనుకుందాం. ఇంటింటికీ తిరిగి చందా పోగుచేశారు. టీ కొట్టులో పనిచేసేవాళ్ళు, బజార్లో సరుకు మోసేవాళ్ళు, పిల్లలు పంపే డబ్బు మీద బతికే పెద్దవాళ్ళు తలా ఇంత వేశారు. ఆ చాట్ల కట్టలు సంచిలో పెట్టుకుని నలుగురు కలిసి యాంగోన్‌లో ఒక వాయిద్యాల షాపుకు వెళ్ళారు. షాపతను కీబోర్డు మీద ఒక బటన్ నొక్కాడు. డ్రమ్ములు, బేస్ గిటారు, వయొలిన్లు, వాటి మీద ఒక సాక్సోఫోన్. పెద్ద ఆర్కెస్ట్రా వచ్చి షాపులో కూర్చున్నట్టయింది. ఇంత చిన్న పెట్టెలో ఇంత సంగీతమా అని నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బేరం అక్కడే సగం కుదిరిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ పాట వాయించింది ఎవరు? మీ భజనలో వాయించబోయే అబ్బాయి కాదు. షాపతనూ కాదు. కీబోర్డు తయారుచేసిన కంపెనీ చేయి తిరిగిన మనిషి చేత ముందే కట్టించి, పెట్టె లోపల దాచిపెట్టిన పాట అది. వినిపించే శబ్దాలు ఆ కీబోర్డువే, అందులో మోసం లేదు. కానీ అన్ని శబ్దాలను ఒకేసారి అంత పొందికగా పలికించడం రెండు చేతులున్న మనిషి వల్ల కాదు. మీకు చూపించింది ఆ పెట్టె ఏం చేయగలదో. మీ అబ్బాయి దానితో ఏం చేయగలడో ఇంకా ఎవరూ చూపించలేదు.

ఈ తేడా మనలాంటి వాళ్ళకు చిన్నది కాదు. మన ముత్తాతలు కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుంచి మేస్త్రీల దగ్గర అప్పు తీసుకుని రంగూన్ ఓడ ఎక్కినప్పుడు వెంట తెచ్చుకున్నవాటిలో ఇప్పటికీ అరిగిపోకుండా మిగిలింది పాటే. 1960ల నడుమ ప్రైవేటు బడులు ప్రభుత్వపరం అయ్యాక తెలుగు అక్షరం బడిలో దొరకడం ఆగిపోయింది. అక్షరం రాని పిల్లలు కూడా గుడిలోనో చర్చిలోనో చెవితో పాట పట్టుకుంటున్నారు. ఆ పాట పక్కన ఏ వాయిద్యం కూర్చుంటుందో, అది పాటకు లొంగుతుందో, పాటనే తనకు లొంగదీసుకుంటుందో, అదీ మనకు పట్టాల్సిన సంగతి.

ఇద్దరికి రెండు ప్రదర్శనలు

కీబోర్డు కంపెనీలు కొనేవాళ్ళను రెండు రకాలుగా చూస్తాయి. సరదాకి వాయించుకునేవాళ్ళు ఒక రకం. వాయించడమే బతుకుతెరువైన వాళ్ళు రెండో రకం. ఇద్దరికీ ఒకే కంపెనీ అమ్ముతుంది గాని, చూపించే తీరు ఒకటి కాదు.

సరదా మనిషికి ముందు చూపించేవి లెక్కలు: ఇన్ని వందల శబ్దాలు, ఇన్ని వందల తాళాల శైలులు, లోపల ఇన్ని పాటలు. ఆ తర్వాత చూపించేది ‘ఆటో’ వాద్య సహకారం. ఎడమ చేతి వైపు ఒకటో రెండో మెట్లు నొక్కితే చాలు, డ్రమ్ము, బేస్, గిటారు వాటంతటవే వాయించుకుపోతాయి. కుడి చేత్తో ఒక్క వేలు కదిపినా పాటలాగే వినిపిస్తుంది. ‘మీకు రాకపోయినా మీరు వాయించగలరు’ అన్నదే ఆ ప్రదర్శన సారాంశం.

వృత్తి వాద్యకారుడు అదే షాపులోకి వస్తే అతని తీరు చూడండి. డెమో బటన్ వైపు చెయ్యి పోదు. ముందు ప్రతిధ్వని తీసేస్తాడు, ఎందుకంటే ఆ మెరుగు కింద అసలు శబ్దం ఎలా ఉందో వినాలి. ఒక పియానో శబ్దం పెట్టి ఒకే మెట్టును మెల్లగా, గట్టిగా, మరీ గట్టిగా నొక్కుతాడు. పెడల్ తొక్కిపెట్టి వరసగా మెట్లు నొక్కుకుంటూ పోయి, ముందు పలికిన స్వరాలు ఎప్పుడు మాయమవుతాయో వింటాడు. మెట్టు పట్టుకుని ఉండగానే శబ్దం మార్చి, మధ్యలో తెగుతుందో లేదో చూస్తాడు. ఆ తర్వాత కీబోర్డును తిప్పి వెనక వైపు చూస్తాడు. పెద్ద స్పీకర్లకు తీగ ఇవ్వడానికి విడి రంధ్రాలు ఉన్నాయా, లేక హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటేనా? చివరికి రెండు చేతులతో ఎత్తి బరువు చూస్తాడు. ఈ తతంగమంతటిలో ఒక్క పాట కూడా పూర్తిగా వినిపించదు.

కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. 1983 జనవరిలో అమెరికాలోని అనాహైమ్ నగరంలో వాయిద్యాల వర్తకుల మేళా జరిగింది. అక్కడ సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్ 600నూ, రోలాండ్ వారి జూపిటర్ 6నూ ఒక తీగతో కలిపారు. ఒకదాని మెట్లు నొక్కితే రెండోది కూడా పలికింది. అంతే, అదే ప్రదర్శన. ‘మిడి’ అని ఈనాడు అందరూ అంటున్న ఆ ఏర్పాటు విలువ అక్కడున్న వృత్తి మనుషులకు వెంటనే అర్థమైంది. వేర్వేరు కంపెనీల పెట్టెలు ఇక ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఇదే దృశ్యాన్ని మన కమిటీ పెద్దల ముందు పెడితే ‘పాటేదీ?’ అని అడుగుతారు. అలా అడగడం తప్పు కాదు. ఎవరి అవసరం వాళ్ళది.

చూపించడమే ఒక విద్య

వాయించి చూపించి అమ్మడం నిన్న మొన్నటి పని కాదు. 1935లో అమెరికాలో హామండ్ ఎలక్ట్రిక్ ఆర్గన్ బజారుకు వచ్చింది. చర్చిల్లోని గొట్టాల ఆర్గన్‌కు ఇది ఏమాత్రం తీసిపోదని కంపెనీ ప్రకటించుకుంది. అక్కడి వ్యాపార నియంత్రణ సంఘం ఆ మాటను సవాలు చేసింది. దాంతో షికాగో విశ్వవిద్యాలయంలోని రాక్‌ఫెల్లర్ ప్రార్థనా మందిరంలో ఒక పరీక్ష పెట్టారు. సంగీతం తెలిసినవాళ్ళనూ, మామూలు శ్రోతలనూ కూర్చోబెట్టి, ఒకసారి గొట్టాల ఆర్గన్, ఒకసారి హామండ్ వినిపిస్తూ ఏది ఏదో చెప్పమన్నారు. దాదాపు సగం సార్లు తప్పు చెప్పారని హామండ్ లాయర్లు వాదించారు. గొట్టాల ఆర్గన్‌నే హామండ్‌లా వినిపించేటట్టు కంపెనీ మనుషులు సర్దారని ఎదుటి పక్షం సాక్షులు ఆరోపించారు. చివరికి 1938లో, అలాంటి గొప్పలు చెప్పుకోవడం మానాలని కంపెనీకి ఆదేశం వచ్చింది. అయినా ఆ గొడవతో హామండ్ పేరు ఊరూరా పాకింది.

అందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఏ గదిలో, ఏ పాటతో, ఏ సర్దుబాటుతో వినిపిస్తున్నారో అమ్మేవాడి చేతిలో ఉంటే, సంగీతం తెలిసిన చెవి కూడా తడబడుతుంది. మన చెవి సంగతి చెప్పాలా?

జపాన్‌లో యమహా కంపెనీ మరో దారి పట్టింది. 1954లో పిల్లలకు సంగీతం నేర్పే తరగతులు మొదలుపెట్టింది. 1959లో ఎలక్టోన్ అనే ఎలక్ట్రానిక్ ఆర్గన్‌ను తెచ్చింది. ఎలక్టోన్ వాయించి చూపించడమే ఉద్యోగంగా ఉన్న వాద్యకారులు జపాన్‌లో ఒక వర్గంగా తయారయ్యారు. వాళ్ళను ‘డెమాన్‌స్ట్రేటర్లు’ అనే పిలుస్తారు. వాళ్ళ వేళ్ళు అందంగా కదులుతుంటే చూసేవాళ్ళకు ‘మా అమ్మాయి కూడా ఇలా వాయించాలి’ అనిపించాలి. అంటే అక్కడ అమ్ముడుపోయేది వాయిద్యంతో పాటు ఒక ఆశ. తరగతి కూడా వాళ్ళే నడుపుతారు కనుక ఆ ఆశకు ఒక దారి కూడా ఉంది. మన షాపుల్లో ఆశ దొరుకుతుంది. తరగతి మాత్రం మనమే వెతుక్కోవాలి.

వృత్తి వాళ్ళ దగ్గరికి వెళ్ళిన దారి ఇంకోటి. 1970లో మినీమూగ్ అనే సింథసైజరు వచ్చినప్పుడు దాన్ని ఏం చేసుకోవాలో అమెరికా షాపులవాళ్ళకే తెలియలేదు. ఫ్లోరిడాలో డేవిడ్ వాన్ కోవరింగ్ అనే అమ్మకందారు షాపులను వదిలి, రాత్రిళ్ళు క్లబ్బుల్లో వాయించే కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళ చేతికి వాయిద్యం ఇచ్చి, వాళ్ళకు కావాలనిపించేలా చేసి, వాళ్ళనే షాపుకు తీసుకెళ్ళి కొనిపించాడు. వాయించేవాడు అడిగితేనే షాపు తెప్పిస్తుందని అతనికి తెలుసు.

వృత్తి వాళ్ళు మాత్రం మెరుపులకు లొంగరని అనుకోకండి. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7ను కొన్నవాళ్ళు ఎక్కువమంది వృత్తి మనుషులే. అందులో కొత్త శబ్దాలు తయారుచేసుకునే వీలు ఎంతో ఉంది. అది కష్టం కాబట్టి చాలామంది కంపెనీ పెట్టిన శబ్దాలనే వాడుకున్నారు. ఆ దశాబ్దపు పాటల్లో అదే ఎలక్ట్రిక్ పియానో శబ్దం మళ్ళీ మళ్ళీ వినిపించడానికి కారణం అదే. ఇక్కడ మియన్మాలో కూడా విదేశీ పాటల వరసలకు బర్మా మాటలు కట్టి పాడే ‘కాపీ తచిన్’ల రోజుల నుంచీ స్టేజీ మీద కీబోర్డు వాయించేవాడికి కావలసింది అసలు పాటలో విన్న శబ్దమే. అది పెట్టెలో సిద్ధంగా ఉంటే అతనికి పని తేలిక.

ఎడమ చెయ్యి ఏం చేయాలి?

ఇప్పుడు మన విషయానికి వద్దాం. ఆటో సహకారం పెట్టగానే కీబోర్డు రెండు ముక్కలవుతుంది. ఎడమ భాగం మెట్లు పాట పలకడం మానేసి, ఏ ‘కార్డ్’ కావాలో యంత్రానికి చెప్పే బటన్లు అవుతాయి. పాశ్చాత్య పాటలో ఎడమ చేతి పని ఎలాగూ అదే కనుక అక్కడివాళ్ళకు ఇది లోటు అనిపించదు.

మీకు తెలిసిన బర్మా సందయా వాద్యకారుణ్ణి గుర్తు చేసుకోండి. 19వ శతాబ్దంలో మిండాన్ రాజు కాలంలో మండలే రాజాస్థానానికి పియానో వచ్చింది. ఇక్కడి కళాకారులు దాన్ని పాశ్చాత్య పద్ధతిలో వాయించలేదు. వెదురు బద్దల పత్తలా, గుండ్రంగా డోళ్ళు పేర్చిన సైంగ్‌వైంగ్ వాయించే చేతులతోనే దాని మీదికి వెళ్ళారు. రెండు చేతులూ అల్లుకుపోతూ ఒకే పాటను పంచుకుని పలికిస్తాయి. అలాంటి మాస్టారి ముందు ఆటో సహకారం పెడితే అతని ఎడమ చెయ్యి కట్టేసినట్టే. షాపులో అందరికీ నచ్చిన సదుపాయమే అతనికి అడ్డు. ముందు దాన్ని ఆపేయమంటాడు.

మన హార్మోనియం సంగతి ఇంకా విచిత్రం. యూరప్‌లో అది కాలితో తొక్కే పెద్ద పెట్టె. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని వాయించే చేతి హార్మోనియంగా మార్చాడు. ఎడమ చెయ్యి తిత్తి ఊదుతుంది, కుడి చెయ్యి పాట పలుకుతుంది. మన పాటకు కార్డులు అక్కర్లేదు కనుక ఆ ఏర్పాటు మనకు సరిగ్గా సరిపోయింది. పద్యనాటకాలకైనా, భజనలకైనా అదే ఆధారం. ఆ హార్మోనియం మాస్టారికి కీబోర్డు ఇచ్చినప్పుడు ఎడమ చేతికి పని పోతుంది. ఆటో సహకారం వచ్చి ‘అయితే కార్డులు నొక్కు’ అంటుంది. ఆయన ఎప్పుడూ నేర్చుకోని పని అది. తెలియక ఏదో ఒక మెట్టు నొక్కితే పాట ఒక దారి, వెనక వాద్యం ఇంకో దారి. తప్పు ఆయనది కాదు. ఆ సదుపాయం ఆయన పాటను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు.

ఇంకా పెద్ద చిక్కు కాలానిది. మన భజన మెల్లగా మొదలై, పాడేవాళ్ళ ఊపిరిని బట్టి, చిడతలు పట్టిన చేతిని బట్టి వేగం అందుకుంటుంది. నిమిషానికి 80 దెబ్బలతో మొదలైన నామం ముగిసేసరికి 140 దాటవచ్చు. కీబోర్డు లోపలి తాళం మాత్రం ఎవరో బటన్ నొక్కి పెంచేదాకా అదే 80 మీద నడుస్తుంది. గుంపు ముందుకు పోతుంటే యంత్రం వెనక్కి లాగుతుంది. రెండు మూడు వారాలకు ఏం జరుగుతుంది? మనుషులే యంత్రానికి తగ్గుతారు. మారిషస్‌లో దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం చేసే మనవాళ్ళనైనా, ఇక్కడ మన పల్లెల్లో తెల్లవార్లూ పాడే బృందాలనైనా నడిపించేది ఆ వేగమే. అది పోతే పాట మాటలు మిగులుతాయి గాని భజన మిగలదు.

మూడోది గమకం. స్వరానికీ స్వరానికీ మధ్య జారడం, ఊగడం మెట్ల వాయిద్యంలో కుదరదని పెద్దలు హార్మోనియాన్నే తప్పుపట్టారు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దగ్గరికి రానివ్వలేదు. కీబోర్డులో ఈ విషయంలో హార్మోనియానికి లేని సాధనం ఒకటుంది. ఎడమ చివర ఉండే ‘పిచ్ బెండ్’ చక్రం తిప్పితే స్వరం జారుతుంది. చెన్నైలో కీబోర్డు సత్యనారాయణన్ కర్ణాటక సంగీత కచేరీలు కీబోర్డు మీదే చేస్తారు. కుడి చెయ్యి మెట్ల మీద, ఎడమ చెయ్యి ఆ చక్రం మీద. తిత్తి ఊదే పని తప్పిన ఎడమ చేతికి ఇంతకన్నా మంచి పని ఏముంది? కానీ తక్కువ ధర కీబోర్డుల్లో కొన్నిటికి ఆ చక్రమే ఉండదు. షాపులో డెమో పాట వింటే అది ఉందో లేదో తెలియదు.

‘ఇండియా’ పేరున్న కీబోర్డులు

ఈ ఇబ్బంది కంపెనీల దృష్టికి రాకపోలేదు. యమహా పీఎస్ఆర్ వరసలో ‘ఐ’ అక్షరం చేర్చిన నమూనాలు, కాసియోలో పేరు చివర ‘ఐఎన్’ ఉన్న నమూనాలు భారతదేశపు వాద్యకారుల కోసం చేసినవి. వాటిలో హార్మోనియం, తబలా వంటి శబ్దాలు, మన దేశపు తాళాలు ఉంటాయి. యమహా పీఎస్ఆర్ ఐ500లో తంబురా, తబలాలతో సాధన చేసుకునే ఏర్పాటు కూడా ఉంది.

ఇవి దొరికితే మంచిదే. కానీ వీటి డెమో వింటున్నప్పుడూ అదే జాగ్రత్త కావాలి. తబలా వినపడగానే ‘ఇది మనదే’ అని మనసు కరిగిపోతుంది. ఆ తాళాల పేర్లలో కెహర్వా, దాద్రా వంటి ఉత్తరాది పేర్లు చాలా కనిపిస్తాయి. మీ భజనకు దగ్గరగా ఉన్నవి ఎన్ని, మీ డోలు దెబ్బకు కలిసేవి ఎన్ని అన్నది మీ పాట పాడి చూస్తేనే తేలుతుంది. తంబురా శ్రుతి ఒక్కటి పెట్టుకుని, తాళం మనుషులకే వదిలేయడం చాలా బృందాలకు మేలైన పద్ధతి.

ఆటబొమ్మ అని తీసిపారేయకండి

ఇదంతా చదివి ‘వృత్తి వాళ్ళ కీబోర్డే కొనాలి’ అనుకుంటారేమో. అది కూడా సరైన ముగింపు కాదు. మనలాగే కూలీ ఓడలు వెళ్ళిన మరో దేశం కథ వినండి. 1845 నుంచి భారతీయ కూలీలు దిగిన జమైకా అది. 1981లో కాసియో ఎమ్‌టీ 40 అనే చిన్న కీబోర్డు ఇంట్లో సరదాగా వాయించుకునేవాళ్ళ కోసం వచ్చింది. అందులో ‘రాక్’ అనే తాళాన్ని కట్టింది హిరోకో ఓకుడా అనే కొత్త ఉద్యోగిని. 1985లో జమైకా గాయకుడు వెయిన్ స్మిత్, నిర్మాత కింగ్ జామీ ఆ తాళాన్నే మెల్లగా నడిపి ‘అండర్ మి స్లెంగ్ టెంగ్’ అనే పాట చేశారు. అక్కడి సంగీతం దారే ఆ పాటతో మారిపోయింది. ఆ తాళం మీద వందల పాటలు వచ్చాయి.

వాళ్ళు చేసింది గమనించండి. కంపెనీ చూపించిన వేగంలో, చూపించిన పేరుతో ఆ తాళాన్ని వాడలేదు. తమ పాట నడకకు దాన్ని తగ్గించుకున్నారు. వాయిద్యం ఖరీదు తక్కువైనా ఫరవాలేదు, పెత్తనం పాటదే కావాలి. కాబట్టి మీకు కావలసింది ఖరీదైన కీబోర్డు కాదు. మీ పనికి సరిపోయిందో లేదో వృత్తి వాద్యకారుడి కళ్ళతో ఒకసారి చూసి కొన్న కీబోర్డు.

కరెంటు, వాన, పాత సరుకు

యాంగోన్‌లో ఉంటూ కరెంటు ఊసెత్తకుండా కీబోర్డు గురించి మాట్లాడలేం. షాపులో జనరేటరు నడుస్తూ ఉంటుంది, డెమో హాయిగా సాగుతుంది. మీ గుడిలో హారతి వేళకు కరెంటు ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు? సరదా కీబోర్డుల్లో చాలావాటికి బ్యాటరీల గూడు ఉంటుంది. సాధారణంగా ఆరు బ్యాటరీలు పడతాయి. వృత్తి కీబోర్డుల్లో చాలావాటికి ఆ గూడు ఉండదు. ఈ ఒక్క విషయంలో చవకదే మనకు నయం కావచ్చు. బ్యాటరీలు వేసి, షాపులోనే పావుగంట వాయించి చూడండి.

జపాన్ నుంచి వచ్చే పాత వాయిద్యాల ధర చూస్తే ఆశ పుడుతుంది. మంచివీ దొరుకుతాయి. కానీ జపాన్ ఇళ్ళలో కరెంటు 100 వోల్టులు, మన దగ్గర 230. అక్కడి అడాప్టర్ మీద 100 అని మాత్రమే రాసి ఉంటే దాన్ని నేరుగా మన ప్లగ్గులో పెట్టకూడదు. షాపతను ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి వినిపిస్తున్నాడేమో బల్ల కింద చూడండి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీకు ఇస్తాడా, విడిగా కొనాలా అడగండి. పాత సరుకులో ప్రతి మెట్టూ నొక్కి చూడాలి. 61 మెట్లకు రెండు నిమిషాలు చాలు. వానాకాలపు తేమకు మెట్ల కింది రబ్బరు పొరలు పాడై కొన్ని పలకవు, కొన్ని ఒక్కసారిగా అరుస్తాయి. డెమో పాటకు మెట్లతో పనే లేదు. అన్ని మెట్లూ చచ్చిపోయినా అది చక్కగా మోగుతుంది.

స్పీకర్ల మాట కూడా. చిన్న కీబోర్డుల స్పీకర్లు ఒక్కొక్కటి 2.5 వాట్ల దగ్గర ఉంటాయి. నాలుగు గోడల చిన్న షాపులో అది పెద్దగానే వినిపిస్తుంది. యాభై మంది గొంతులు, తాళాలు, గంట మోగే చోట అది దోమ పాటే. గుడి మైకు సెట్టుకు తీగ ఎలా ఇవ్వాలో షాపులోనే తేల్చుకోండి. హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే ఉంటే, అందులో తీగ పెట్టగానే లోపలి స్పీకర్లు ఆగిపోతాయి. వాయించే అబ్బాయికి తన శబ్దం తనకే వినపడదు.

రెండో ప్రదర్శన అడగండి

షాపతనికి మొదటి ప్రదర్శన పూర్తి చేయనివ్వండి. అది అతని పని. ఆ తర్వాత మర్యాదగా రెండోది అడగండి. అందుకు ఇంటి దగ్గరే కొంత సిద్ధం కావాలి.

మొదటిది, మీ బృందంలో ముందు పాడే పెద్దావిడ శ్రుతి ఎంతో కాగితం మీద రాసుకోండి. హార్మోనియం మాస్టారిని అడిగితే నాలుగున్నర, అయిదు అని చెబుతారు. షాపులో డెమోలన్నీ ఒకటో శ్రుతి దగ్గర తేలిగ్గా సాగుతాయి. కీబోర్డులో ‘ట్రాన్స్‌పోజ్’ ఆరు మెట్లు పైకి జరిపితే ఒకటో శ్రుతి వేళ్ళతోనే నాలుగున్నర పలుకుతుంది. అది ఎన్ని బటన్లు నొక్కితే వస్తుందో చూడండి. పాటకూ పాటకూ మధ్య చీకట్లో మార్చాల్సిన సంగతి అది.

రెండోది, వాయించబోయే పిల్లను గానీ పిల్లాణ్ణి గానీ, పాడే మనిషిని గానీ వెంట తీసుకెళ్ళండి. కమిటీ పెద్దలు నలుగురూ వెళ్ళి, వాయించేవాళ్ళు ఇంటి దగ్గర ఉండిపోతే, కొనేది చెవులే గాని చేతులు కావు. అక్కడే మీ పాట ఒకటి పాడించండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

మూడోది, తాళం, ఆటో సహకారం, ప్రతిధ్వని అన్నీ ఆపించి ఒక్క హార్మోనియం శబ్దమో, వేణువు శబ్దమో పెట్టించండి. మెట్టు మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతోందా? ఆ చక్రం ఉందా? పాడే మనిషి గొంతు పక్కన అది వినబుద్ధి అవుతోందా? ఈ నిరాడంబరమైన శబ్దమే మీ గుడిలో ఏళ్ళ తరబడి వినిపించేది.

నాలుగోది, తాళం వాడదలచుకుంటే పాట నడుస్తుండగా వేగం పెంచే బటన్ ఎక్కడుందో, ఎడమ చేతికి అందుతుందో చూడండి. కొన్నిట్లో వేలితో దెబ్బ కొడితే ఆ వేగం పట్టుకునే ‘ట్యాప్’ ఏర్పాటు ఉంటుంది. చిడతలు పట్టే ఆయన్ను వెంట తీసుకెళితే ఆయనే తేల్చి చెప్పేస్తారు.

అయిదోది, అడాప్టర్, స్టాండు, సంచి ఆ ధరలోనే వస్తాయా, చెడిపోతే ఈ ఊళ్ళో బాగుచేసేవాళ్ళు ఉన్నారా అని అడిగి, జవాబు రసీదు మీద రాయించుకోండి. చందా డబ్బు కదా, లెక్క చూపాలి.

ఇంట్లో పిల్లల కోసం కొంటున్నవాళ్ళకు ఇందులో కొన్ని అక్కర్లేదు. ఆటో తాళాలు, లోపలి పాటలు పిల్లల్ని మొదటి నెల కూర్చోబెడతాయి. అది చిన్న లాభం కాదు. రెండో నెల నుంచి మాత్రం వారానికి ఒక్క గంటైనా అవన్నీ ఆపి, అమ్మమ్మో నాయనమ్మో పాడుతుంటే వెనకే వేలు వెతుక్కోమనండి. ఆవిడ పాడే చోట స్వరం దొరకక పిల్లాడు తడుముకుంటాడు. ఆవిడ ఆగి, అదే ముక్క మళ్ళీ పాడుతుంది. మూడోసారికో నాలుగోసారికో మెట్టు దొరుకుతుంది. పాట మాటలు కూడా ఆ పూటకు పిల్లాడి నోట నిలుస్తాయి. ఆ పనికి 61 మెట్ల మామూలు కీబోర్డు చాలు.